టంకము లేని అతుకు

మన కళాశాల సంగీత గది బీరువాలో ఒక ఎలక్ట్రిక్ గిటారు ఉన్నది. ఉన్నదని చెప్పుకొనుటయే గాని అది మ్రోగదు. గత వార్షికోత్సవానికి పది దినాల ముందు దాని మధ్య పికప్ స్వరము మందగించినదని తలచి, మాలో ఒకరు పిక్‌గార్డు విప్పి, సోల్డరింగ్ ఐరన్ చేతబట్టి, దాని స్థానములో క్రొత్త పికప్ అమర్చబూనారు. ఆ ఒకరు ఎవరన్నది ఇక్కడ వ్రాయము. ‘మేము’ అని వ్రాయుటలోని సౌకర్యము అదియే. క్రొత్త పికప్ అడుగున ఉన్న చిన్న కంటిపై ఐరన్ అవసరమునకు మించి నిలిచినది. ఆ కంటికి కలిసి ఉన్న వెంట్రుకవంటి రాగి తీగ కొస తెగిపోయినది. మల్టీమీటరు పెట్టి చూడగా ఇటునుండి అటు దారియే లేదు. పాతదానిని మరల పెట్టబోతే వాల్యూమ్ పొటెన్షియోమీటరు వేడికి చెడినది. బాగుచేయించుటకు తీసికొనిపోయిన దుకాణమువారు మరమ్మతుకు చెప్పిన సొమ్ము, ఆ గిటారు కొన్న ధరలో సగానికి తక్కువ లేదు. విషయము కమిటీ పెద్దల చెవిని పడినది. విద్యార్థులెవరును వాద్యాలను విప్పరాదని తీర్మానమయినది; బీరువాకు తాళము పడినది.

పెద్దల కోపము న్యాయమైనదే. ఆ తీర్మానమును ధిక్కరించుటకు గాక, దానిలో ఒక సవరణ కోరుటకే ఈ వ్యాసము వ్రాస్తున్నాము. తప్పు విప్పుటలో లేదు. ఎన్నోసార్లు విప్పవలసిన చోట, విప్పుటకు వీలులేని అతుకు ఉండుటలో ఉన్నది. మారేదానికి స్క్రూ, మారనిదానికి టంకము — మా వాదమంతా ఈ రెండు ముక్కలే.

వాద్యముతో పరిచయము లేని పాఠకులకు పికప్ అనగానేమో ముందు చెప్పవలెను. అయస్కాంతము చుట్టూ సన్నని రాగి తీగను వేల చుట్లు చుట్టిన చిన్న పరికరమే పికప్. ఉక్కు తంతి దానిపైన కంపించినపుడు అయస్కాంత క్షేత్రము కదిలి, తీగచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో కనుగొన్న ప్రేరణ సూత్రమునకు ఇంతకంటె మధురమైన ఉదాహరణ మన పాఠ్యపుస్తకములో లేదు. ఒక చుట్ట గల సాధారణ పికప్‌లో సుమారు 8,000 చుట్లు ఉంటాయి. ఆ తీగ మందము సుమారు 0.06 మిల్లీమీటరు. అట్టి తీగ ప్రక్కన, మూడు నాలుగు వందల డిగ్రీల వేడిగల ఇనుప మొనను అనుభవము లేని చేయి పట్టుకొన్నపుడు ఏమి జరుగునో మేము చూచినాము.

ఈ గిటారు చరిత్రలో టంకము ఎట్లు ప్రవేశించినదో గమనించిన యెడల మా మాట తేటపడుతుంది. జార్జి బోషాంప్ అమెరికాలో 1931లో రూపొందించిన పికప్, మరుసటి సంవత్సరము రికెన్‌బాకర్ గిటారుగా విపణికి వచ్చినది. ఆనాడు విద్యుత్ పరికరమనగా రేడియోయే. రేడియోలో అతుకనగా టంకమే. లియో ఫెండరు స్వయముగా రేడియోలు బాగుచేసిన మనిషి. ఆయనకు గిటారు వాయించుట రాదు. అయితే విప్పుట, బిగించుట బాగా తెలుసు. అంతవరకు జిగురుతో అతికే మెడను ఆయన నాలుగు స్క్రూలతో బిగించాడు. 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టరులో పికప్‌లు మూడును ఒకే పిక్‌గార్డుకు తగిలించి, దానిని విప్పగానే యంత్రాంగమంతా చేతికి వచ్చునట్లు చేశాడు. చెడిన భాగమును మార్చుకొనవచ్చునన్న భావము ఆ వాద్యములో అడుగడుగున కనిపిస్తుంది. తీగల చివరకు వచ్చేసరికి మాత్రము ఆయనయు రేడియో మెకానిక్కుగానే నిలిచిపోయాడు.

అప్పటికి అందులో దోషము లేదు. పికప్ మార్చవలెనన్న ఆలోచన వాయించేవారికి అప్పుడు ఎక్కడిది? గిటారుతో వచ్చినది గిటారుతో పోయేది. ఆ స్థితిని మార్చినది 1972లో లారీ డిమార్జియో తెచ్చిన సూపర్ డిస్టార్షన్ పికప్. కర్మాగారము ఇచ్చిన పికప్ తీసివేసి వేరొకటి పెట్టుకొనుట అనే అలవాటు దానితో ప్రబలినది. 1976లో సేమూర్ డంకన్, అదే సంవత్సరము ఇ.ఎం.జి. సంస్థ రంగములోనికి వచ్చినారు. అంటే పికప్ అరిగితే మార్చే భాగముగా కాక, ఎంచుకొనే భాగముగా మారి అర్ధశతాబ్ది గడిచినది. ఎంచుకొనుటకు సరుకు వచ్చినది గాని, ఎంచుకొనుటకు తగిన అతుకు రాలేదు.

రాలేదని బొత్తిగా అనుటయు సరికాదు. 1969లో ఆంపెగ్ సంస్థ కొరకు డాన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రూపొందించిన పారదర్శకమైన గిటారులో పికప్‌ను ప్రక్కనుండి గూటిలోనికి జరిపి, వెనుకనుండి ఒక స్క్రూను చేతితో బిగించుటయే. ఐరన్ అక్కరలేదు, తంతులు విప్పనక్కరలేదు. రోలింగ్ స్టోన్స్ బృందపు కీత్ రిచర్డ్స్ ఆ సంవత్సరమే దానిని వేదికపై వాయించాడు. అయినను ఆ గిటారు తయారీ రెండు మూడు సంవత్సరాలలోనే ఆగిపోయినది. మంచి ఆలోచన ముందుగా వచ్చి, అడిగేవారు లేక వెనుదిరిగిపోవుట లోకములో క్రొత్త కాదు.

నేడు టంకము లేకుండా పికప్ మార్చే మార్గాలు అనేకము ఉన్నవి. ఇ.ఎం.జి.వారు తమ పికప్‌లకు చిన్న ప్లగ్గులు, వాటికి తగిన పొటెన్షియోమీటర్లు పెట్టెలోనే ఇస్తారు. సేమూర్ డంకన్‌వారు లిబరేటర్ అను పేర, తీగలను ఐరన్ లేకుండా బిగించుకొనగల టెర్మినళ్ళున్న వాల్యూమ్ పొటెన్షియోమీటరును తెచ్చారు. గిబ్సన్‌వారు కొన్ని నమూనాలలో పికప్ తీగలకు ప్లగ్గులు పెట్టి, వాటిని సర్క్యూట్ బోర్డుకు గ్రుచ్చే పద్ధతి అవలంబించారు. స్విట్జర్లాండులోని రెలిష్ సంస్థ వెనుకవైపునుండి పికప్‌ను తీసి వేరొకటి పెట్టగల గిటారునే చేసినది. వీటన్నిటికంటె చవకైనది, ఇంటి వైరింగులో ఎలక్ట్రీషియను వాడే స్క్రూ కనెక్టరు. వీధి చివర విద్యుత్ సామగ్రి దుకాణములో దొరికే ఆ చిన్న ముక్కతో మా పని జరుగుతుంది.

ఇక్కడ విజ్ఞులు ఒక ఆక్షేపణ తెస్తారు. టంకము వేసినదే గట్టి అతుకనియు, తక్కినవన్నీ తాత్కాలికమనియు వారి మాట. ఈ భావము ఎంత బలముగా నాటుకొన్నదో, అంత నిరాధారమైనది. గట్టిగా చుట్టిన తీగ, గట్టిగా నొక్కిన తీగ లోహమునకు లోహము తగిలి, గాలి చొరరాని అతుకవుతుంది. టెలిఫోను ఎక్స్‌ఛేంజీలలో చతురస్రపు కడ్డీ చుట్టూ తీగను చుట్టి చేసిన అతుకులు దశాబ్దాలు పనిచేసినవి. మనుష్యుని చంద్రుని మీదికి తీసికొనిపోయిన అపోలో నౌకలోని మార్గనిర్దేశక కంప్యూటరులో మాడ్యూళ్ళ మధ్య సంబంధాలు కలిపినది కూడ అట్టి చుట్టిన తీగలే. అది జరిగినదియు 1969లోనే. ఆంపెగ్ గిటారు వచ్చిన సంవత్సరమే. చంద్రయానమునకు చాలిన అతుకు మన వార్షికోత్సవమునకు చాలదా?

అయితే ఆక్షేపణలో ఒక సత్యాంశము ఉన్నది. దానిని దాచుట మాకు ఇష్టము లేదు. పికప్‌లో పుట్టే వోల్టేజి వోల్టులో కొద్ది పాలు మాత్రమే. అది 2,50,000 ఓముల పొటెన్షియోమీటరు గుండా పారించే విద్యుత్తు మైక్రోఆంపియరు స్థాయిలోనిది. అంత పెద్ద నిరోధము ముందు స్క్రూ దగ్గరి ఒక ఓము లెక్కలోనికి రాదు. కాబట్టి ప్లగ్గు వలన స్వరము పలుచనవుతుందన్న మాట వట్టిది. చిక్కు వేరొక చోట ఉన్నది. పెద్ద ప్రవాహము లోహముపై పట్టిన తుప్పుపొరను ఛేదించుకొని పోతుంది. ఇంత చిన్న ప్రవాహమునకు ఆ శక్తి లేదు. ఏటి వరద చెత్తను కొట్టుకొనిపోవును గాని, చూరునుండి జారే చుక్క కొట్టుకొనిపోదు గదా. కనుక అతుకు వదులైన చోట ఒకనాడు మ్రోగి, ఒకనాడు గరగరలాడి, కచేరీనాడు మూగపోతుంది. దీనికి మందు గట్టిగా బిగించుట, పూత గల మంచి కనెక్టరు వాడుట. మరొక జాగ్రత్త చాలమందికి తెలియదు: టంకము పూసి ఉన్న తీగకొసను స్క్రూ క్రింద బిగించరాదు. టంకము మెత్తని లోహము. ఒత్తిడికి మెల్లమెల్లగా జారి, కొన్ని మాసాలకు పట్టు సడలుతుంది. ఆ కొసను కత్తిరించి, క్రొత్తగా పైతొడుగు ఒలిచి, పోగులను మెలివేసి బిగించవలెను.

ఇంతవరకు చెప్పినది సౌకర్యమును గురించి. సౌకర్యము కొరకే అయితే ఈ సంచికలో ఇన్ని పుటలు ఆక్రమించి ఉండేవారము కాము. మాకు ముఖ్యమైనది చెవి.

స్వరభేదమును చెవి జ్ఞాపకముంచుకొను కాలము చాల తక్కువ. టంకము పద్ధతిలో పాత పికప్ విని, తంతులు విప్పి, ఐరన్ వేడెక్కుటకు కాచుకొని, మూడు నాలుగు అతుకులు ఊడదీసి, తిరిగి వేసి, క్రొత్త తంతులు కట్టి, శ్రుతి చేసేసరికి గంట దాటుతుంది. అప్పుడు వినేది క్రొత్త పికప్‌నా, క్రొత్త తంతులనా, పడిన శ్రమనా, పెట్టిన సొమ్మునా? క్రొత్త తంతులు ఎట్లైనను గలగలలాడుతాయి. సొమ్ము పెట్టినవానికి సొమ్మే వినబడుతుంది. ఇట్లు విని ‘ఎంత మార్పు!’ అని ఆశ్చర్యపడినవారి మాటలే ప్రకటనలకు పెట్టుబడి అవుతున్నవి.

గత వేసవిలో మాలో ఒకరి ఇంట, వారి సొంత గిటారుకు కనెక్టరు పెట్టి, ఒక పరీక్ష చేసుకొన్నాము. తంతులు అవే. పికప్‌కు తంతికి మధ్య దూరము కొలబద్దతో కొలిచి ప్రతిసారి సమానము చేశాము. ఆ దూరములో ఒక మిల్లీమీటరు తేడా, కంపెనీ పేరులోని తేడా కంటె ఎక్కువగా వినబడుతుందన్న సంగతి అప్పుడే తెలిసినది. వాయించేవారు తలుపు చాటున, వినేవారు ఇవతల. ఒకదాని తరువాత ఒకటి మార్చుటకు పది పన్నెండు నిమిషాలు పట్టినది. ఖరీదైన పికప్‌ను గూర్చి అంతకుముందు వారము రోజులు మాకు ఉపన్యసించిన మిత్రుడు, కళ్ళు మూసుకొని మెచ్చుకొన్నది గిటారుతో వచ్చిన పాత పికప్‌నే. మరొక మిత్రురాలు రెండింటిని తప్పక గుర్తించినది. ఆమె చెవి అట్టిది. దీనిని శాస్త్రమని చెప్పుకొనము. నలుగురు స్నేహితుల సాయంకాలము మాత్రమే. కాని ఆ సాయంకాలము మేము ఎవరి మాటనో కాక మా చెవినే నమ్మినాము. ఐరన్ పద్ధతిలో అది సాధ్యపడి ఉండేది కాదు.

సితారు జవారీని ఎరిగినవారికి ఈ మాట వివరించనక్కరలేదు. వంతెన పైభాగమును ఆకురాయితో పిసరంత అరగదీయగానే స్వరమంతా మారిపోతుంది. అరగదీసినది మరల రాదు. అందుకే అది ఏండ్ల తరబడి చేయి తిరిగిన ఉస్తాదులకే చెల్లినది. వెనుకకు మరలలేని చోట అనుభవజ్ఞుని చేయి కావలెను. వెనుకకు మరలగల చోట విద్యార్థికి అవకాశమివ్వవచ్చును. పికప్ రెండవ కోవకు చెందినది. దానిని మొదటి కోవలో పడవేసినది టంకమే.

ఇక కంపెనీలపై మాకున్న కినుక చెప్పవలెను. ప్లగ్గులు తెచ్చినవారు ఎవరి ప్లగ్గు వారు తెచ్చినారు. ఒకరి ప్లగ్గు మరొకరి సాకెట్టులో పట్టదు. ఐరన్ బంధనమునుండి విడిపించి, కంపెనీ బంధనములో పెట్టినట్లయినది. ఒక కంపెనీ పికప్ కొన్నవాడు రెండవది కూడ అక్కడనే కొనవలెను, లేదా ప్లగ్గు కోసి పారవేయవలెను. తీగల రంగులలోనైనను ఏకత్వమున్నదా అంటే అదియు లేదు. రెండు చుట్టలు గల పికప్‌లో సేమూర్ డంకన్‌వారి నలుపు తీగ స్వరమును వెలికి తెచ్చే తీగ. డిమార్జియోవారి నలుపు తీగ రెండు చుట్టలను ఒకదానితో ఒకటి కలిపే తీగ, వారికి స్వరము తెచ్చేది ఎరుపు. రంగును నమ్మి కలిపినవానికి పలకనే పలకదు, లేదా రెండు పికప్‌లు ఒకదానికొకటి ఎదురు పలికి స్వరము ముక్కుతో మాట్లాడినట్లు సన్నబడుతుంది. కర్మాగారమువారు ఇచ్చిన పటమును చూచి, మల్టీమీటరుతో సరిచూచుకొన్న తరువాతనే స్క్రూ బిగించవలెను. ఇంటి బల్బు ఏ కంపెనీదైనను హోల్డరులో పడుతుంది. గిటారు తంతి ఏ కంపెనీదైనను కట్టుకొనవచ్చును. పికప్‌కు మాత్రము ఆ పాటి ఉమ్మడి మర్యాద ఎందుకు ఉండరాదు? ఉమ్మడి ప్లగ్గు వచ్చేవరకు పేదవాని స్క్రూ కనెక్టరే మేలని మా నిశ్చితాభిప్రాయము. దానికి కులగోత్రాలు లేవు.

మా వ్రాతప్రతి చదివిన ఒక అధ్యాపకులు, ‘అయితే సోల్డరింగు నేర్వనక్కరలేదంటారా?’ అని అడిగినారు. అట్లనము. ఈ సంచిక ఉర్దూ విభాగపు మిత్రులు చెప్పగా తెలిసినది: ఉర్దూలో ‘టాంకా’ అనగా బట్టకు వేసే కుట్టు, లోహమునకు వేసే అతుకు, రెండును. మన టంకమునకు దగ్గరి చుట్టమువలె వినిపించే ఆ మాటలో ఎంత ఔచిత్యమున్నదో చూడుడు. చిరుగును కుట్టుతో కలుపుతాము. చొక్కా గుండీని గూడ కాజాతో కలిపి కుట్టివేసుకొనము. సోల్డరింగు నేర్వవలసిన విద్యయే. తగరము, సీసము 63కు 37 పాళ్ళలో కలిసిన టంకము 183 డిగ్రీల వద్ద ఒక్కసారిగా కరగి, ఒక్కసారిగా గడ్డకట్టుటను చూచుటయే ఒక పాఠము. అయితే ఆ పాఠము పాడైన రేడియో బోర్డుపై నేర్వవలెను గాని, కళాశాలకున్న ఒక్క గిటారుపై కాదు. మాకది ఆలస్యముగా తెలిసినది. ముందుగానే తెలిసి ఉంటే ఈ వ్యాసము ఉండేది కాదు, గిటారు ఉండేది.

పైగా టంకము పూర్తిగా పోయేదియు కాదు. కనెక్టరును వాల్యూమ్ పొటెన్షియోమీటరుకు కలిపే తీగలను మొదట ఒకసారి ఎవరో చేయి తిరిగినవారు సోల్డరు చేయవలసినదే. తంతులనుండి స్ప్రింగుల కొక్కెము మీదుగా భూసంబంధమునకు పోయే తీగను ఎన్నడును ప్లగ్గుకు పెట్టరాదు. అది ఊడితే రొద పెరుగుతుంది, ఊడిన సంగతియు వెంటనే తెలియదు. స్విచ్చి, జాక్ సాకెట్టు — ఇవి అరుదుగా మారేవి. వాటికి టంకమే తగును.

కావున కమిటీ పెద్దలకు మా మనవి ఇది. గిటారును బీరువానుండి తీయించి, చెడిన పొటెన్షియోమీటరు మార్పు, మారని అతుకులన్నియు ఒక అనుభవజ్ఞునిచే ఒక్కసారి చేయించవలెను. పికప్ తీగలు వచ్చి చేరే చోట ఆరు స్క్రూల కనెక్టరు ఒకటి పెట్టించవలెను. ఆ తీగలు పొట్టిగా ఉండి, చుట్టూ రాగి రేకు అతికించి ఉంటే మన 50 సైకిళ్ళ కరెంటు గుయ్యిమను రొద కొంత తగ్గవచ్చును. ఆపైన తీర్మానములో ‘విద్యార్థులెవరును వాద్యాలను విప్పరాదు’ అన్న చోట ‘విద్యార్థులెవరును సంగీత గదిలో సోల్డరింగు చేయరాదు’ అని సవరించవలెను. విప్పేటప్పుడు యాంప్లిఫయరు తీగ తీసివేసి ఉండవలెననియు, విప్పినవారి పేరు, తేదీ, ఏ పికప్ తీసి ఏది పెట్టినదియు ఒక నోటుపుస్తకములో వ్రాయవలెననియు నియమము పెట్టిన యెడల మేమే మొదట సంతకము చేస్తాము. కనెక్టరు, రాగి రేకు ఖర్చు మేము చందా వేసుకొని భరించగలము. పొటెన్షియోమీటరు సంగతి మాత్రము పెద్దల దయ.

తీగ తెగిన ఆ క్రొత్త పికప్ గిటారు ప్రక్కనే, అదే బీరువాలో, చిన్న అట్టపెట్టెలో ఉన్నది. పనికిరానిదని దానిని పారవేయవద్దని ప్రార్థన. దాని చుట్టను భౌతికశాస్త్ర ప్రయోగశాలలో విప్పి, 8,000 చుట్లు నిజముగా ఉన్నవో లేవో లెక్కించవలెనని మొదటి సంవత్సరము విద్యార్థులిద్దరు పందెము వేసుకొని ఎదురుచూస్తున్నారు.